వెతికినా దొరకని చెప్పుల కొట్టు

నా ఎడమ కాలు కుడికాలి కన్నా రెండు వేళ్ళు పొట్టి. పుట్టుకతో వచ్చింది. బళ్ళో నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయను, ఊహించుకోవడం కష్టమేమీ కాదు. మా అన్నయ్య నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను ఏడిపించినవాళ్ళను ఒకరిద్దర్ని కొట్టి చూశాడు, లాభం లేకపోయింది. ఒకరోజు తన పాత చెప్పు అడుగు కోసి, నా ఎడమ చెప్పు కింద జిగురుతో అంటించాడు. పది అడుగులు వెయ్యగానే ఊడిపోయింది. రెండోది వారం ఆగింది. మూడోదాంట్లోంచి మేకు పైకి వచ్చి నా మడమను చీల్చింది. పదహారేళ్ళు నిండగానే చెప్పులు కుట్టే ఒక ముసలాయన దగ్గర పనికి చేరిపోయాడు. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది, నాన్న మాట్లాడటం మానేశాడు. అన్నయ్య వినలేదు. ఆ ఏడాది చివర నేను మొట్టమొదటిసారి నడుం వంగకుండా వీధి చివరిదాకా నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే వాడు గుమ్మంలో నిలబడి నా మడమల వంకే చూస్తున్నాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని ఎవరికి చేశానో మీకు తెలియాలి.

అన్నయ్య కొట్టు ఎముకల ఆసుపత్రి వెనక సందులో ఉండేది. ఎదురుగా సైకిలు వస్తే ఎవరో ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత సందు. లోపల రెండు కుట్టు మిషన్లు, ఒక సానరాయి, గోడ నిండా చెక్క పాదాలు. వచ్చినవాళ్ళ కొలతలకు చెక్కతో పాదం చేసుకుని, మడమ మీద పెన్సిలుతో వాళ్ళ పేరు రాసి, మేకుకు వేలాడదీసేవాడు. ముప్పై ఏళ్ళలో మూడు వందలకు పైగా పోగయ్యాయి. ఏ జతలోనూ రెండు పాదాలు ఒకేలా ఉండవు. కొట్టుకు బోర్డు లేదు, అవసరమూ పడలేదు. డాక్టర్లు చీటీ రాస్తే జనం ఆ చీటీ పట్టుకుని సందులోకి వచ్చేవారు.

ఆ ఆసుపత్రి ఊరి చివర పెద్ద భవనంలోకి మారిపోయింది. కింది అంతస్తులో సొంతంగా చెప్పుల విభాగం పెట్టుకుంది. అచ్చుల్లో పోసిన సరుకు, నీ కాలు దానికి సరిపోతే సరి, లేకపోతే నీ ఖర్మ. చీటీలు ఆగిపోయాయి. ఆరు నెలలు తిరిగేసరికి అన్నయ్య మిషన్లకు నూనె వేసి తుడవడం తప్ప చెయ్యడానికి పని లేకుండా కూర్చున్నాడు. అప్పుడు నేను వాడికి వెబ్‌సైటు కట్టి ఇచ్చాను.

నా వృత్తి అదే. ఐదుగురుండే చిన్న ఆఫీసులో సైట్లు కడతాను, వెతికేవాళ్ళకు దొరికేలా కడతాను. ఈ రెండూ వేరువేరు పనులని చాలామంది నమ్మకం. కట్టేవాడొకడు, చివర్లో వచ్చి ఏదో మంత్రం వేసి దాన్ని పైకి తెచ్చేవాడు ఇంకొకడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఇల్లంతా కట్టాక తలుపు ఎటు పెట్టాలా అని ఆలోచించే మేస్త్రిని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా? నా పోరు పడలేక ఆఫీసులో నాకు వెతుకులమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాడే మా పెద్దాయన, నాకు పని నేర్పినవాడు.

అన్నయ్య సైటు మొదలుపెట్టే ముందు పది రోజులు వాడి కొట్లో పీట వేసుకుని కూర్చున్నాను. పాతవాళ్ళు ఒకరూ అరా చెప్పుల మరమ్మతుకు వచ్చేవారు. వాళ్ళు తమ కాలి గురించి ఏ మాటల్లో చెబుతారో నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆసుపత్రి భాష ఒక్కడూ మాట్లాడలేదు. "ఒక కాలు పొట్టి, చెప్పు ఎత్తు పెంచాలి." "మా పాప నడిస్తే ఒక పక్కకి ఒరుగుతుంది." "ఆపరేషన్ అయ్యాక పాత బూటు పట్టట్లేదు." మనుషుల్ని అడగడానికి సిగ్గుపడే ప్రశ్న ఇది. పొట్టి కాలున్న పిల్ల తల్లి పక్కింటావిడను అడగదు, తలుపేసుకుని ఫోనులో అడుగుతుంది. ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకని ప్రశ్నకో పేజీ కట్టాను. పేజీ పేరు వాళ్ళ మాటల్లోనే పెట్టాను. ప్రతి ఫొటో కింద అదేమిటో, ఎంత ఎత్తు పెంచిందో రాశాను. పాత ఫోనులో, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా గబుక్కున తెరుచుకునేలా బరువు తగ్గించాను. పైన ఫోను నంబరు, కింద సందులోకి దారి. అందానికి ఏమీ లేదు, ఒప్పుకుంటాను. మొదటి పేజీలో ఉన్న ఫొటో నా ఎడమ చెప్పుదే.

నాలుగు నెలలు ఎవరూ రాలేదు. ఇవి నెమ్మది మీద పండే పనులు. ఐదో నెలలో ఒక తండ్రి పక్క ఊరి నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తర్వాత ఇంకొకరు. ఏడాది తిరిగేసరికి వారానికి అరవై మంది దాకా సైటు చూస్తున్నారు, అందులో ఏడెనిమిది మంది ఫోను చేస్తున్నారు. రెండు మిషన్లూ మళ్ళీ తిరిగాయి. కొత్త చెక్క పాదాలకు గోడ చాలక తలుపు వెనక మేకులు కొట్టాడు.

"ఫోన్లు బానే వస్తున్నాయమ్మా" అనేవాడు అన్నయ్య. వానలు బాగానే పడుతున్నాయి అన్నట్టు. ఎందుకొస్తున్నాయో, ఎవరి వల్ల వస్తున్నాయో వాడి నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. నేను పైకి నవ్వేదాన్ని. లోపల మాత్రం ఎక్కడో చిన్నగా కలుక్కుమనేది.

ఆ తర్వాత మా మేనకోడలికి పెళ్ళయింది, ఇంటికి అల్లుడు వచ్చాడు. అతను ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. మంచివాడే, అబద్ధం చెప్పను. కాకపోతే చూసిందల్లా మెరవాలి. మనసులో తళుకుబాబు అని పేరు పెట్టుకున్నాను. ఒక ఆదివారం అందరం భోజనాలు చేస్తుంటే ఫోనులో మామగారి సైటు తెరిచాడు.

"ఇదేంటి మామయ్యగారూ, కరెంటు బిల్లులా ఉంది!"

అందరూ నవ్వారు. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, మేనకోడలు మొగుడి భుజం మీద చరిచి నవ్వింది. నేనూ నవ్వాను, కొత్త అల్లుడు కదా అని. అన్నయ్య వంక చూశాను. వాడూ నవ్వుతున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు.

వారం తర్వాత అన్నయ్య మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టాడు. "అల్లుడుగారు సైటు కొత్తగా చేస్తానంటున్నారమ్మా. సరదాపడుతున్నారు. కాదంటే బాగోదు. పిల్ల ఆ ఇంట్లో కొత్తగా కాపురం చేస్తోంది, నీకు తెలియందేముంది."

"చెయ్యనీ. నాకేంటి" అన్నాను.

"నీకు కోపం లేదుగా?"

"కోపమెందుకు? తాళాలిచ్చేస్తా."

ఇచ్చేశాను. పాస్‌వర్డులన్నీ రాసిస్తూ తళుకుబాబుకు రెండే రెండు మాటలు చెప్పాను. "బాబూ, పాత పేజీల అడ్రసులు మార్చకు. మార్చాల్సొస్తే పాతదాన్నించి కొత్తదానికి దారి పెట్టు. లేకపోతే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు గోడకి గుద్దుకుంటారు."

"పిన్నిగారూ, అవన్నీ లాస్ట్‌లో చూసుకోవచ్చండీ. ముందు లుక్కు రావాలి."

"లాస్ట్‌లో కాదు బాబూ, మొదట్లోనే..."

"మీరేం టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు, రోడ్డు దాటే ముసలమ్మ చెయ్యి పట్టుకున్నంత ప్రేమగా.

రెండు నెలల తర్వాత వాళ్ళింట్లో పెద్ద టీవీకి తగిలించి కొత్త సైటు చూపించారు. చుట్టాలంతా వచ్చారు. తెరంతా చీకటి, మధ్యలో ఒక బూటు వెలుగులో మెల్లగా తిరుగుతోంది. అన్నయ్య జన్మలో కుట్టని బూటు అది. ఎక్కడిదో కొన్న బొమ్మ. మీద "అడుగడుగునా ఆత్మవిశ్వాసం" అని బంగారు రంగు అక్షరాలు. అక్షరాలు కూడా బొమ్మలోనే ఉన్నాయి, వెతికే యంత్రం చదవడానికి ఒక్క ముక్క లేదు. పొట్టి కాలు అన్న మాట కోసం మొత్తం గాలించాను. లేదు.

"ఆ మాట తీసేశావేం బాబూ?" అని అడిగాను.

"నెగెటివ్‌గా ఉంటుంది కదండీ పిన్నిగారూ. చదివితే బాధనిపిస్తుంది."

నాకు ఏమీ బాధనిపించలేదు ఇన్నేళ్ళూ, ఆ మాట రాసుకున్నది నేనే. పైన పటారం, లోన లొటారం. జనమంతా చప్పట్లు కొట్టారు. అన్నయ్య కళ్ళు చెమర్చాయి, అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇది నా కొట్టేనా అనిపిస్తోంది అల్లుడుగారూ" అన్నాడు. నా సైటు చూసి అలా ఏనాడూ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో టీ తాగుతూ, ఊరికే, ఆ సైటు లోపల ఎలా ఉందో చూశాను. ఒక్క నిమిషం పట్టలేదు.

సైటు కడుతున్నన్నాళ్ళూ, సగం కట్టింది బయటపడకూడదని మేం ఒక గడిలో టిక్కు పెడతాం. "సెర్చ్ ఇంజన్లకు ఈ సైటును చూపించవద్దు" అని దాని పక్కన రాసి ఉంటుంది. తెరిచే రోజు ఆ టిక్కు తీసెయ్యాలి. తళుకుబాబు మర్చిపోయాడు. అడ్రసు కొట్టి తెరిచేవాళ్ళకు సైటు నిక్షేపంగా కనిపిస్తుంది, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. తెలియక వెతుక్కుంటూ వచ్చేవాడికి మాత్రం ఆ కొట్టు లేనట్టే. మా వృత్తిలో ప్రతివాడూ జీవితంలో ఒక్కసారి చేసే తప్పు ఇది. నేనూ చేశాను, పనిలో చేరిన కొత్తలో. పెద్దాయన రెండో రోజే చూసి, నా టేబులు దగ్గర ఆగి, "టిక్కు" అని ఒక్క ముక్క చెప్పి, టీ చప్పరించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరితోనూ అనలేదు.

నేను పకపకా నవ్వాను. పక్క టేబులావిడ తిరిగి చూసింది కూడా. అన్నయ్యకు ఫోను చెయ్యబోయి, నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. నా చేతిలో ఫోను ఉంది, నోట్లో ఆ ఒక్క ముక్కా ఉంది. కరెంటు బిల్లు అన్నప్పుడు వాడు నవ్విన నవ్వు చెవుల్లో వినిపించింది. ఒక్క వారం చూద్దాం, అనుకున్నాను. తెలిసిరానీ. వాళ్ళే అడుగుతారు.

అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎంతమంది వెతికారు, ఏ మాటలతో వెతికారు, ఎంతమంది లోపలికి వచ్చారు అనే లెక్క వారం వారం మెయిల్లో వస్తుంది. ఆ ఖాతా మొదట్నుంచీ నా పేరు మీద ఉంది. తాళాలన్నీ ఇచ్చాను గానీ దాని గురించి అతను అడగలేదు, అలాంటిదొకటి ఉంటుందని అతనికి తెలిసినట్టు కూడా లేదు. అందుచేత ప్రతి సోమవారం పొద్దున్న అన్నయ్య కొట్టు సంగతి అన్నయ్య కంటే ముందు నాకు తెలిసేది.

మొదటి సోమవారం యాభై ఎనిమిది. రెండోది నలభై. మూడోది పంతొమ్మిది. వచ్చినవాళ్ళు కూడా పాత పేజీల అడ్రసు నొక్కి, "మీరు వెతుకుతున్న పేజీ లేదు" అన్న బంగారు అక్షరాలు చూసి వెళ్ళిపోతున్నారు. ఆ వాక్యాన్ని కూడా మహా అందంగా రాశాడు తళుకుబాబు. నాలుగోవారం ఐదుగురు. కింద వాళ్ళు వెతికిన మాటలు ఉంటాయి. "బాబుకి ఒక బూటు ఎత్తుగా ఎక్కడ కుడతారు." "పొట్టి కాలు చెప్పులు సందు కొట్టు ఫోన్ నంబర్." ఈ రెండోవాళ్ళెవరో పాతవాళ్ళే, దారి మర్చిపోయి ఉంటారు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మెయిళ్ళు తెరవాలంటే నాకు సంబరంగా ఉండేది. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పెందలాడే వెళ్ళేదాన్ని. అంకె తగ్గినకొద్దీ నేను చేసిన పని విలువ పెరుగుతున్నట్టుండేది.

ఐదోవారం అన్నయ్య ఫోను చేశాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "ఈమధ్య ఫోన్లు రావట్లేదమ్మా" అన్నాడు. "ఎండలు కదా, జనం కదలట్లేదేమో."

"అల్లుడుగారిని అడక్కపోయావా?"

"అడిగా. కొత్త సైటు కదా, అందుకోడానికి మూణ్ణెల్లు పడుతుందన్నారు. నువ్వు చేసినప్పుడు కూడా నాలుగు నెలలు పట్టిందిగా?"

నేను ఎదురుచూశాను. నువ్వోసారి చూడమ్మా. ఆ ఒక్క మాట అంటే చాలు, అరనిమిషంలో చెప్పేదాన్ని. వాడు అనలేదు. నన్ను చూడమంటే అల్లుడి పని మీద నమ్మకం లేనట్టు అవుతుంది. ఆ మాట కూతురి కాపురం దాకా వెళ్తుందని వాడి భయం. అదంతా నాకు తెలుసు. తెలిసే, "అంతేలే, పడుతుంది" అన్నాను.

ఆ "అంతేలే" నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడో నెలలో నా చెప్పు మడమ అరిగితే కొట్టుకు వెళ్ళాను. సందు నిశ్శబ్దంగా ఉంది. మామూలుగా మిషను చప్పుడు సందు మొదట్లోనే వినిపించేది. అన్నయ్య సానరాయి దగ్గర కూర్చుని తోలుముక్కలు సైజుల వారీగా పేరుస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం వికసించింది, చేతికి పని దొరికిందని. నా చెప్పు తీసుకుని పాత అడుగు ఊడదీసి, కొత్తది కోసి, గీకడం మొదలుపెట్టాడు. పదిసార్లు నా కాలి కింద పెట్టి చూశాడు. ఒకసారి చాలేది, నలభై ఏళ్ళుగా తెలిసిన కాలే.

"ఇప్పుడు పొట్టి కాళ్ళు ఎవరికీ ఉండట్లేదేమోనే" అన్నాడు తల ఎత్తకుండా. "పుట్టగానే డాక్టర్లు ఏదో చేసి సరిచేస్తున్నారంట. మంచిదేలే. పిల్లలకి ఆ బాధ తప్పింది."

నా సంచిలో ఫోనుంది. ఫోనులో ఆ వెతుకులాటలన్నీ ఉన్నాయి. బాబు, పాప, ఆపరేషన్ అయిన మనిషి, దారి మర్చిపోయిన పాతాయన. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అన్నయ్యా, సైటు..."

"అబ్బ, ఎంత బాగా చేశారే అల్లుడుగారు!" అని అందుకున్నాడు. "ఆ బూటు అలా గుండ్రంగా తిరుగుతుంటే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. పని లేనప్పుడు అదే పెట్టుకుని చూస్తుంటా. నీదీ బానే ఉండేదిలే, కాకపోతే మరీ సాదాగా ఉండేది."

నోరు మూసుకున్నాను. కోపం కూడా కాదది అప్పటికి. మూడు నెలలు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? ఒక్క వారం ఆగుదామనుకున్నది పన్నెండు వారాలైంది, ప్రతి వారం దాటినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మొదటి వారం చెప్పి ఉంటే అల్లుడి తప్పు. ఇప్పుడు చెబితే నాది. కొత్త మడమతో ఇంటికి నడిచి వెళ్ళాను, ఒక్క పిసరు కూడా ఎత్తుపల్లం లేదు.

ఇంకో రెండు నెలలకు కొట్టు మూసేశాడు. ముందు చెప్పలేదు, చెబితే మేం వద్దంటామని. మిషన్లు ఎవరో బ్యాగులు కుట్టేవాళ్ళు పట్టుకుపోయారు. గదిలో ఫోను కవర్లు అమ్మేవాడు దిగాడు. చెక్క పాదాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. కాఫీ హోటలు అలంకరణకని ఒకాయన గోనెసంచిలో వేసుకుని తీసుకెళ్ళాడు, పెన్సిలుతో రాసిన పేర్లు ఉన్నవైతే మరీ బాగుంటాయన్నాడట. అన్నయ్య ఊరవతల చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో.

చేరిన మొదటి ఆదివారం మా ఇంటికొచ్చాడు. భుజాన పెద్ద సంచి.

"పనెలా ఉంది?" అని అడిగాను.

"కుర్చీలో కూర్చోడమే. జతలు ముందు నుంచి పోతుంటాయి. రెండూ సమానంగా ఉన్నాయా లేదా చూడాలి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఉంటే తీసి పక్కన పారెయ్యాలి." నవ్వాడు. "తేడా పట్టడంలో నన్ను మించినవాడు లేడంట. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు."

నేను నవ్వలేకపోయాను. వాడు సంచి విప్పి ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాడు. ఎనిమిది జతలు. అన్నీ నావే. చెప్పులు, బూట్లు, వానకు తడిసినా పాడవనివి, పెళ్ళిళ్ళకు వేసుకునేవి. ప్రతిదాంట్లో ఎడమ అడుగు రెండు వేళ్ళు ఎత్తు.

"మిషన్లు ఇచ్చేసే ముందు కుట్టేశా. మిగిలి ఉన్న తోలంతా వాడేశా. జాగర్తగా వాడుకుంటే పదేళ్ళొస్తాయి. బయట నీ కాలికి ఎవరూ కుట్టలేరే, బాధపడతావు."

నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టడానికి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి వాడు ఒక చెప్పు చేతిలోకి తీసుకుని, అంచు దగ్గర వేలితో రుద్దుతున్నాడు, ఎక్కడో గరుగ్గా ఉన్నట్టుంది.

వాడు వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. తళుకుబాబు నా పాత తాళం కూడా తీసెయ్యలేదు, లోపలికి వెళ్ళడానికి అడ్డేమీ లేకపోయింది. గడిలో టిక్కు తీసేశాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు, పిచ్చిపట్టినట్టు రెండు రోజులు సెలవు పెట్టి పనంతా చేశాను. పాత పేజీలన్నీ వెనక్కి తెచ్చాను. పొట్టి కాలు అన్న మాట ఎక్కడెక్కడ ఉండాలో అక్కడ పెట్టాను. తిరిగే బూటు తీసి నా ఎడమ చెప్పు ఫొటో పెట్టాను. దేనికోసం చేశానని అడిగితే చెప్పలేను. కొట్టు లేదు, మిషన్లు లేవు, పాదాలు కాఫీ హోటల్లో ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, నేను ఆ ఆకులు పట్టుకుని సంతోషపడ్డాను కూడా. పైన ఉన్న ఫోను నంబరు ఎవరిదో ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఈసారి నాలుగు నెలలు పట్టలేదు. పాత సైటు కదా, గుర్తుపట్టింది. రెండో సోమవారం పదకొండు, మూడో సోమవారం ముప్పై నాలుగు.

నాలుగో వారం మధ్యలో, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నయ్య ఫోను చేశాడు. వెనక ఫ్యాక్టరీ భోజనాల గది గోల వినిపిస్తోంది.

"చెల్లెమ్మా, చిత్రంగా ఉందే. మళ్ళీ ఫోన్లొస్తున్నాయి. ఈ వారం తొమ్మిది. లోపల ఫోను ఎత్తనివ్వరు కదా, తిండి తినే టైములో నేనే తిరిగి చేస్తున్నా. కొట్టు మూసేశానమ్మా, చెయ్యట్లేదమ్మా అని ఒక్కొక్కళ్ళకీ చెప్తున్నా." గిన్నె మూత పెట్టిన చప్పుడు వినిపించింది. "ఇందాక ఒకావిడ ఏడ్చింది. పాపకి ఆరేళ్ళంట. ఎడమ కాలేనంట. ఐదు నెలల్నించీ వెతుకుతోందంట నాలాంటోడి కోసం."



"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారే వీళ్ళంతా?" అన్నాడు. "ఒక్క ఆర్నెల్ల ముందు చేసుంటే..."

"అన్నయ్యా, మళ్ళీ మొదలుపెట్టకూడదా? మిషన్లు నేను..."

"ఇంకెక్కడ మొదలుపెడతానే. గది పోయింది. పాదాలు పోయాయి. ఇక్కడ రెండేళ్ళకి సంతకం పెట్టా." గొంతు సవరించుకున్నాడు. "అసలు దేనికి చేశానంటే... ఆ సైటు కనపడకుండా చేసెయ్యవే. వాళ్ళకి లేదని చెప్పడం నా వల్ల కావట్లేదు. అల్లుడుగారిని అడిగితే ఆఫీసు పనిలో ఆ సైటు తెరిచి చూడ్డానిక్కూడా తీరిక లేదన్నారు. నీకొచ్చు కదా? నువ్వోసారి చూడమ్మా."

నువ్వోసారి చూడమ్మా. ఏడు నెలలు ఆ మాట కోసం కూర్చున్నాను. అదే గొంతు, అదే మాట.

"వచ్చు" అన్నాను.

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదు."

"నువ్వు చల్లగుండాలి తల్లీ" అన్నాడు. అవతల గంట మోగింది. "వెళ్ళాలి. కొత్త బూట్లు కరుస్తున్నాయా?"

"లేదు. సరిగ్గా సరిపోయాయి."

ఫోను పెట్టేశాడు. నేను సైటు తెరిచి, ఆ గడి దగ్గరికి వెళ్ళి, "సెర్చ్ ఇంజన్లకు ఈ సైటును చూపించవద్దు" అన్నచోట నా చేత్తో టిక్కు పెట్టాను. తళుకుబాబు మరిచిపోయి ఉంచాడు, నేను తెలిసి పెట్టాను.

టీ కప్పుతో అటుగా వెళ్తున్న పెద్దాయన నా వెనక ఆగాడు. తెర వంక చూసి, "టిక్కు" అన్నాడు.

"తెలుసండి" అన్నాను.